తెగని గొంతు

“ఇది కాస్త మూస్తానక్కా,” అంటూనే షాపు అద్దం తలుపు మూసేశాడు వచ్చినతను.

కత్తెరక్క తలెత్తింది. వీడియోలు కత్తిరించి పెడుతుందని ఆ వీధివాళ్ళు ఆమెకు పెట్టిన పేరది. ఓనరు భోజనానికి వెళ్ళాడు. షాపులో ఆమె ఒక్కతే.

ఆజానుబాహువు. ముఖం నిండా గడ్డం. మాట మాత్రం గుసగుస.

“పాత వీడియో అక్కా. ఏ ఫోనులోనూ రావట్లేదు. పాట ఒక్కటే ఉంచి, ఫోనులో వచ్చేలా చెయ్యాలి.”

“గొంతు పోయిందా తమ్ముడూ? కొన్నాళ్ళు ఐస్‌క్రీములు మానెయ్,” అని నవ్వుతూ పెన్‌డ్రైవ్ అందుకుంది.

లోపల ఉన్నది ఫ్లాష్ ఫైలు. ఇంటర్నెట్టే దాన్ని వదిలేసి ఏళ్ళు గడిచాయి. ఆమె కంప్యూటరు మాత్రం ఇంకా తెరుస్తుంది.

ఒకావిడ కంప్యూటరు కెమెరా ముందు కూర్చుని పాడుతోంది. చెవులకు హాయిగా ఉంది. ఇంతలో తెర మీద కనబడని మగగొంతు ఒకటి ఉరిమింది.

“నోర్ముయ్! ఎవడికి వినిపిస్తున్నావే?”

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకు కరుచుకుపోయింది. అక్కడితో వీడియో ఆగిపోయింది.

కత్తెరక్క నవ్వూ ఆగిపోయింది. పాట చివర గుర్తు పెట్టి కత్తిరించింది. ఈ పాత ఫైళ్ళతో అదే చిక్కు. అన్నచోట తెగవు, కాస్త ముందో వెనకో తెగుతాయి. పాట అయ్యాక “నోర్...” అన్న ముక్క మిగిలిపోయింది.

“అదీ ఉండకూడదు!” ఒళ్ళు మరిచి అరిచాడతను.

ఆమె గిరుక్కున తల తిప్పి చూసింది. అదే గొంతు. అచ్చం అదే.

తలుపుకు అడ్డంగా అతనే ఉన్నాడు. ఆవిణ్ణి ఏం చేశాడో ఏమో! ఇప్పుడు సాక్ష్యాన్ని తన చేతే తుడిపిస్తున్నాడు.

ఎలాగో ఆ ముక్క కూడా తీసి, కొత్త ఫైలు చేసి ఇచ్చింది.

“ఆ పాతది కూడా తీసెయ్యక్కా,” మళ్ళీ గుసగుస.

తీసేస్తే ఆవిడకున్న ఒక్క ఆధారమూ పోతుంది. తీయనంటే తన గతేమిటి?

“తీయను,” అంది చివరికి. “ముందిది చెప్పు. ఆవిడ బతికే ఉందా?”

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగి గోడకు తగిలింది.

అది చూసి అతను చప్పున ఆగిపోయాడు.

“ఆవిడ మా అమ్మక్కా... మీసాలొచ్చే వయసులో నా గొంతు మారి, పోయిన నాన్న గొంతులా అయిపోయినప్పట్నుంచీ ఆవిడ ముందు నేను నోరు విప్పలేదు.”