ఏడో నంబరు సాక్సు

జట్టు బట్టలుతికే ఆవిడ ఆ సాక్సును ముక్కుకు ఆనించి గట్టిగా వాసన చూసింది.

కొత్త కోచ్ మొహం తిప్పేసుకున్నాడు.

ముందురోజు ప్రాక్టీసు వానలోనే జరిగింది. కిటికీ లేని ఆ గదిలో ఇరవై జతల సాక్సులు, బురద, చెమట. గుమ్మంలో నిలబడి ఊపిరి పీల్చడమే గగనం. ఈవిడ ఏకంగా ముక్కుకే పెట్టుకుంది.

"ఛీ! ఏం పనమ్మా అది?"

"చీము వాసనండి," అందావిడ తాపీగా. "ఏడో నంబరు పిల్లది. కాలికి ఏదో అయింది, చెప్పట్లేదు. రేపు ఫైనల్లో దించకండి సార్."

కోచ్ వచ్చి మూడు వారాలు. ఆ హైస్కూల్ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును పాతికేళ్లు నడిపిన పెద్ద కోచ్ గుండెపోటుతో పోతే ఆయన స్థానంలో వచ్చాడు. ఆఫీసు గోడ నిండా ఆయన గెలిచిన కప్పుల ఫొటోలే. ఆ వరసలో తన ఫొటో కూడా పడాలి. ఏడో నంబరు లేకుండా అది అయ్యే పని కాదు.

"నువ్వు బట్టలుతకడానికి వచ్చావా, జట్టుని ఎంచడానికి వచ్చావా?"

ఆవిడ సాక్సు తిరగేసి, మడమ దగ్గర పచ్చటి మరకను అతని మొహం ముందు పెట్టింది. సబ్బునీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లు. గోళ్ల సందుల్లో నల్లటి మట్టి.

అతను నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒక్కసారి పిలిచి షూ విప్పించండి, చాలు."

పిలిచాడు.

"నాకేం కాలేదు సార్," అంది ఏడో నంబరు. "పెద్దమ్మ ఎప్పుడూ ఇంతే. అందరి బట్టలూ వాసన చూస్తుంది."

గుమ్మం దగ్గర పిల్లలు ముక్కులు మూసుకుని కిసుక్కున నవ్వారు.

షూ విప్పమని అతను అడగలేదు. విప్పితే ఏం కనబడుతుందోనని లోపల ఎక్కడో భయం.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు ఆవిడతో. "మెషిన్ తెప్పిస్తాను. నిన్ను చూస్తుంటేనే తిన్నది బయటికొచ్చేలా ఉంది."

ఆవిడ చేతులు తుడుచుకుంది.

"పిల్ల జాగ్రత్త సార్," అని వెళ్లిపోయింది.

మర్నాడు ఏడో నంబరు కొట్టిన గోల్‌తోనే కప్పు వచ్చింది.

ఫొటో కోసం అందరూ వరసగా నిలబడ్డారు. ఫ్లాష్ వెలిగింది. ఏడో నంబరు నిలువునా కూలిపోయింది.

ఆసుపత్రిలో నర్సు కత్తెరతో సాక్సు కోసేసరికి ఆ కంపు వరండా దాకా వచ్చింది.

"మేకు గుచ్చుకుని వారమైంది," అన్నాడు డాక్టరు. "జట్టులోంచి తీసేస్తారని నొప్పి బిళ్లలు మింగి దాచింది. ఇప్పుడు పాదం తీసేయాలి. నిన్న తెచ్చి ఉంటే దక్కేదేమో."

కోచ్ వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. తలెత్తితే ఎదురుగా అద్దం. అందులో కనబడ్డ మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది.

కబురు విని పెద్ద కోచ్ భార్య వచ్చింది.

"నిన్ననే చెప్పిందండీ," అన్నాడతను ఆవిడ మొహంలోకి చూడలేక. "ఆ బట్టలుతికే ఆవిడ. అసహ్యం వేసి తరిమేశాను."

పెద్దావిడ బల్ల మీద కూలబడింది.

"ఎక్కడుంది ఇప్పుడు?"

"ఇంటికి మనిషిని పంపాను. తాళం వేసి ఉంది. పొద్దున్నే సామాను సర్దుకుని బస్సెక్కిందట. ఎక్కడికో ఎవరికీ తెలీదు."



"చివరి ఏళ్లలో మా ఆయనకి ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా కనబడేది కాదు బాబూ. ఉద్యోగం పోతుందని దాచాం. నల్లద్దాలు పెట్టుకుని బెంచీ మీద కూర్చునేవారు. పక్కన బట్టల మూటతో కూర్చుని ఆటంతా చూసి, ఎవర్ని దించాలో, ఎవర్ని ఆపాలో ఆయన చెవిలో చెప్పింది ఆవిడే."

పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పదేళ్లుగా ఆ జట్టుకి కోచ్ ఆవిడే."