ఉదాహరణకు ఇచ్చిన తాళం

ఉదాహరణ అని స్పష్టంగా రాసి ఉంటే, చదివేవారు దాన్ని ఉదాహరణగానే తీసుకుంటారని సూచనలు రాసేవారందరికీ ఒక నమ్మకం.

భరద్వాజ్ దృష్టిలో అది నమ్మకం కూడా కాదు, రుజువైన విషయం.

అతడు నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సాయంత్రాలు ఇందిరాపురంలోని తన ఫ్లాట్‌లో జీతం లేని మరో పని చేసేవాడు. కంప్యూటర్‌లోని ఫైళ్లను ఒక పెట్టెలో పెట్టి తాళం వేసే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. దేశదేశాల ఔత్సాహికులు కలిసి తయారుచేసి, ఉచితంగా అందరికీ ఇచ్చినది. దాన్ని ఎలా వాడాలో తెలుగువారికి వివరించే హెల్ప్ పేజీ భరద్వాజ్ రాసినదే.

తాళమంటే పాస్‌వర్డ్. పొంతన లేని నాలుగు మాటలు కలిపితే ఎవరూ ఊహించలేరని రాసి, ఉదాహరణకు నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చాడు: ఒంటె, గొడుగు, బెల్లం, రిక్షా.

ఎవరి పాస్‌వర్డ్‌నూ ఎవరూ అడగరాదన్నది ఆ పేజీలో మొదటి నియమం.

2009 మార్చిలో ఒక ఆదివారం సుభద్ర వచ్చింది. ఆమె భరద్వాజ్ భార్య ఛాయాదేవికి స్నేహితురాలు. ఫరీదాబాద్‌లో ఒక రేకుల ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా. ప్రెస్ మెషీన్ల కింద వేళ్లు పోగొట్టుకున్న కార్మికుల మాటలను రహస్యంగా రికార్డు చేసి, ఆ పెట్టెలో దాచింది. కేసు ఇంకా వేయలేదు.

"నిన్న రిపేరని చెప్పి ఆఫీసులో నా కంప్యూటర్ పట్టుకుపోయారు అన్నయ్యగారూ." ఆమె చేతిలో టీ చల్లారిపోతోంది. "ఆ గొంతులు యజమాని వింటే ఒక్కడికీ పని ఉండదు. పని పోతే పోయింది. ఇంతకుముందు నోరు విప్పినవాడికి కాలు విరగ్గొట్టారు."

వందేళ్లు ప్రయత్నించినా ఆ పెట్టె తెరుచుకోదని భరద్వాజ్ లెక్క వేసి చూపించాడు.

ఏ పాస్‌వర్డ్ పెట్టుకున్నావని మాత్రం అడగలేదు.

మంగళవారం పేరు లేని ఈమెయిల్ వచ్చింది. పేజీలోని ఆ నాలుగు మాటలు తీసేయాలని, జనం అవే వాడుతున్నారని అందులో ఉంది.

అది ఉదాహరణ అని పక్కనే రాశానని భరద్వాజ్ మర్యాదగా జవాబిచ్చాడు.

వెంటనే మరొకటి వచ్చింది. 'ఒకరు వాడారు. నాకు తెలుసు.'

ఛాయాదేవి దాన్ని రెండోసారి చదివింది.

"తెరిచి చూసినవాడికే కదండీ అది తెలిసేది?"

భరద్వాజ్ లేచి కిటికీ తెర లాగాడు. పదో అంతస్తులోకి ఎవరూ తొంగిచూడరని అతడికి తెలుసు.

శుక్రవారం సాయంత్రం గేటు దగ్గరి కాపలాదారు ఇంటర్‌కామ్‌లో పిలిచాడు.

"సాబ్, కోయీ మద్రాసీ భాయ్ ఆయా హై. నామ్ నహీ బతా రహా." ఎవరో దక్షిణాది మనిషి వచ్చాడట, పేరు చెప్పడం లేదట.

భరద్వాజ్ కిందికి దిగాడు. ఛాయాదేవి ఫోన్ పట్టుకుని బాల్కనీలో నిలబడింది.

గేటు బయట నలభై ఏళ్ల మనిషి. భుజాన ఆఫీసు సంచి. మాట్లాడుతున్నంతసేపూ అతడి కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఇల్లెలా తెలిసిందని అడిగితే, తెలుగు సంఘం డైరెక్టరీలో చూశానన్నాడు.

"నా పేరెందుకు సార్. ఆ నాలుగు మాటలు తీసెయ్యుండ్రి. ఆ జాగ ఖాళీగ ఉంచుండ్రి. సోమవారం ఇంకొకడొస్తడు. వాడు మీ పేజీ తప్పక సూస్తడు."

"మీరు ఎవరి మనిషి? ఫ్యాక్టరీ వాళ్లు పంపారా?"

అనవలసిన మాట కాదని అన్న తరువాత తెలిసింది.

"ఏ ఫ్యాక్టరీ అని నేనడగ సార్," అన్నాడు ఆ మనిషి మెల్లగా. "ఇంకెవరి ముందట ఆ మాట తియ్యకుండ్రి."

షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

భరద్వాజ్ లిఫ్టులో పైకి వచ్చాడు. ఆలోచన క్రమం తప్పలేదు. అతడు యజమాని మనిషే. ఇది ఎర. ఆ మాటలను హడావుడిగా తీసేస్తే, అసలు తాళం అవేనని మనమే ఒప్పుకున్నట్టు. కాబట్టి పేజీలో ఒక్క అక్షరం కూడా మారకూడదు.

"సుభద్రను ఒక్కమాట అడిగితే?" అంది ఛాయాదేవి.

అడగరాదన్నది తాను రాసిన నియమమని, పైగా ఫోన్ ఎవరు వింటున్నారో తెలియదని అతడన్నాడు. ఆ ఈమెయిల్ చిరునామాను బ్లాక్ చేశాడు. ఆ మనిషి మళ్లీ వస్తే గేటు దగ్గరే ఆపమని కాపలాదారుకు చెప్పాడు.

పేజీ అలాగే ఉంది.

బుధవారం సుభద్ర వచ్చింది. గుమ్మంలోనే కూలబడింది.

సోమవారం ఆఫీసుకు కొత్తవాణ్ని రప్పించారు. తెలుగు రానివాడు. హెల్ప్ పేజీ తెరిచి, అందులోని నాలుగు మాటలను చూసి టైపు చేశాడు. పెట్టె తెరుచుకుంది. మర్నాడు ఆ గొంతుల వాళ్లెవరినీ గేటు లోపలికి రానివ్వలేదు. వాళ్లలో ఇద్దరు ఇంకా ఇంటికి చేరలేదు.

"ఆ మాటలే పెట్టుకున్నావా?" అన్నాడు భరద్వాజ్.

"మీరు రాసినవి కదా అన్నయ్యగారూ. అంతకంటే మంచివి నాకేం తెలుస్తాయి?"

ఛాయాదేవి ఆమెకు మంచినీళ్లిచ్చింది. కొత్తవాడికి ముందు ఆ కంప్యూటర్ ఎవరి దగ్గర ఉందని అడిగింది.

హనుమయ్య దగ్గర అంది సుభద్ర. కంప్యూటర్ల విభాగంలో పనిచేసే కరీంనగర్ ఆయన. ఎప్పుడూ భుజాన సంచి. పెట్టె తెరుచుకోవడం లేదని ఆ వారమంతా యజమానికి చెబుతూ వచ్చాడు. సోమవారం సాయంత్రం అతణ్ని గోడౌన్‌లోకి పిలిచారు. స్కూటర్ ఇంకా ఫ్యాక్టరీ స్టాండులోనే ఉంది.

కొత్తవాడు యజమానికి చూపించిన, కంప్యూటర్‌లో నమోదైన వివరాల ప్రకారం, సుభద్ర దగ్గరి నుంచి పట్టుకుపోయాక ఆ పెట్టె అంతకుముందు ఒక్కసారే తెరుచుకుంది: కంప్యూటర్ తెచ్చిన మొదటి రోజే, హనుమయ్య చేతిలో.