బ్రౌన్ టేపు

"మా మనిసి దగ్గరుండి ఫ్లైటెక్కిత్తాడు మేడమ్. మీ పీతలు సింగపూర్‌లో బతికే దిగుతాయి," అన్నాడు కొత్త కార్గో ఏజెంటు సాయిశంకర్.

వన్‌టౌన్‌లోని అతని ఆఫీసులో సూర్యకళ సంతకానికి పెన్ను తీసింది. ఏడేళ్లుగా ఆమె పీతలను విమానంలో పంపింది సొంత అన్న. పోయిన వారం అన్నీ చచ్చిపోయి దిగాయి. పెట్టెలకున్న గాలికన్నాలను ఎవరో టేపుతో మూసేశారు. ఆ ఫొటోను సింగపూర్ వ్యాపారి ఆమెకొక్కదానికే పంపాడు.

అన్న పరువు పోతుందని ఆమె దాన్ని ఎవరికీ చూపించలేదు. కారణమేమిటో అన్నకూ చెప్పలేదు. "ఇంక నా సరుకు ముట్టుకోకు" అని మాత్రం అంది.

"నానేటి సేసేనే?" అని అతను గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆమె తలుపేసుకుంది.

"అయినోళ్లని నమ్మితే ఇంతే మేడమ్," సాయిశంకర్ కాగితం ముందుకు జరిపాడు. "కన్నాలకి బ్రౌన్ టేపులేసే పన్లు మా దగ్గరుండవు."

సూర్యకళ చెయ్యి ఆగిపోయింది.

"టేపు సంగతి నీకెవులు సెప్పేరు?"

సాయిశంకర్ కాగితాన్ని వెనక్కి లాక్కున్నాడు. ఆమె అన్నకు ఫోన్ చేసింది.

ఎప్పుడూ మొదటి రింగుకే ఎత్తే అన్న, ఎత్తలేదు.