నీలం లైటు

“మళ్ళీ పచ్చదే వెలిగింది, నాయనా,” అన్నాడు పెద్దాయన.

మెకానిక్ నేల మీదే చతికిలబడ్డాడు. ఈ ఇంటికి రావడం ఇది నాలుగోసారి. ఇంటర్నెట్‌లోంచి పాట తెచ్చి పెద్ద స్పీకర్లకు అందించే డబ్బా ఒకటి కొన్నాడు పెద్దాయన. దానికి ముందువైపు చిన్న లైటు. పాట మామూలుగా వస్తుంటే పచ్చగా వెలుగుతుంది. స్టూడియోలో రికార్డు చేసినంత స్పష్టంగా, ఏమీ తగ్గకుండా వస్తే నీలంగా వెలుగుతుంది. కొన్న రోజు నుంచి ఆ నీలం ఎలా ఉంటుందో ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు.

మెకానిక్ చెయ్యని పని లేదు. వైర్లు మార్చాడు. వైఫైని నమ్ముకోకుండా వరండాలోంచి గది దాకా కేబుల్ లాగాడు. యాప్ తీసేసి మళ్ళీ వేశాడు. కంపెనీ వాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళు లైన్లో ఉంచి వినిపించిన సంగీతం గంటసేపు విన్నాడు. అయినా లైటు మాత్రం నిక్షేపంగా పచ్చగానే ఉంది.

“పాట వినబడుతోందిగా, ఏ రంగైతే ఏమిటండీ?” అంది పెద్దావిడ వంటింట్లోంచి. “ఆ డబ్బా వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో పాట తక్కువ, పంచాయితీ ఎక్కువ.”

“నీకు తెలీదులేవే. పాడే మనిషి మధ్యలో ఊపిరి తీసుకుంటుంది చూడు, అది వినిపించాలి. ఇందులో ఊపిరి లేదు.”

ఊపిరట! మెకానిక్‌కి ఒళ్ళు మండింది. ఈ ఉద్యోగంలో ఇలాంటివాళ్ళను బోలెడుమందిని చూశాడు. లైటు చూసి చెప్పే కబుర్లే తప్ప వీళ్ళ చెవులకు ఏం తేడా తెలుస్తుంది?

“ఇంకోసారి వినండి సార్,” అని పాట మొదటి నుంచి పెట్టాడు.

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. యాభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. ఇప్పుడు ఇంట్లో ఒక్క గోడగడియారమే మిగిలింది. పాట సగంలో ఉండగా, కళ్ళు తెరవకుండానే దానివైపు వేలు చూపించాడు.

“అది అలిసిపోయింది. కీ ఇవ్వాలి.”

మెకానిక్ చెవికి అది ఎప్పటిలాగే టిక్కు టిక్కుమంటోంది. చాదస్తం అనుకుని తలూపి ఊరుకున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. మేనేజరు. మెకానిక్ బాల్కనీలోకి వెళ్ళి గొంతు తగ్గించాడు.

“ఇంకా అక్కడేనా? పని పూర్తయిందని కస్టమర్ సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే రేపు పొద్దున్నే మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.”

“రేపు నాకు సెలవు సార్. పదకొండు రోజులైంది సార్, ఒక్కరోజు కూడా ఇంట్లో లేను. నిలబడే నిద్రపోతున్నాను సార్.”

“సంతకం పెట్టించు, సెలవు తీసుకో.”

మెకానిక్ లోపలికొచ్చాడు. కళ్ళు మండుతున్నాయి. నడుము రెండుగా విరిగినట్టుంది. డబ్బా సెట్టింగుల్లో అటూ ఇటూ వెతుకుతుంటే, చిట్టచివర, ఎవరూ ఎప్పుడూ చూడని మూల, ‘లైటు రంగు’ అని ఒకటి కనిపించింది. గదిని బట్టి ఎవరికి నచ్చిన రంగు వాళ్ళు పెట్టుకోవచ్చట.

అతని వేలు దాని మీద ఆగింది. పన్నెండేళ్ళ సర్వీసులో ఇలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు. సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు కంటే నిద్ర బలంగా ఉంది. కళ్ళు మూసుకుని నొక్కేశాడు.

“ఏమండోయ్, వచ్చింది! నీలం వచ్చింది!” అంది పెద్దావిడ, తడిచేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి.

“వచ్చిందండి,” అన్నాడు మెకానిక్. “ఇప్పుడు వినండి సార్.”

పాట మొదలైంది. పెద్దాయన నీలం లైటును ఒకసారి చూసి, కళ్ళు మూసుకున్నాడు. మెకానిక్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దొరికిపోతానేమోనని భయంగానే ఉంది, రెప్పలు మాత్రం వాలిపోయాయి.

ఉలిక్కిపడి కళ్ళు తెరిచేసరికి పాట అయిపోయింది. గది నిశ్శబ్దంగా ఉంది. పెద్దాయన డబ్బా వైపు కాదు, తన వైపే చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో!

“ఊపిరి వినిపించిందాండీ ఈసారైనా?” అంది పెద్దావిడ.

“ఆ, బాగా వినిపించింది,” అన్నాడు పెద్దాయన, చూపు తిప్పకుండానే. “కాగితం ఇటివ్వు నాయనా.”

కళ్ళజోడు పెట్టుకుని, తొందరపడకుండా సంతకం చేశాడు. ‘పని సంతృప్తిగా ఉంది’ అన్నచోట టిక్కు కూడా పెట్టాడు. పెద్దావిడ టీ ఇచ్చింది. మెకానిక్ నిలబడే గుటుక్కున తాగేసి, సామాను సంచిలో కుక్కుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు.

వీధిలోకి వచ్చాక గానీ గట్టిగా ఊపిరి పీల్చుకోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళతో వినేవాళ్ళకు కళ్ళకే చూపించాను, తప్పేముంది, అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. బండి స్టార్ట్ చేయబోతుంటే పైనుంచి పిలుపు వినిపించింది.

“నాయనా!”

తలెత్తాడు. పెద్దాయన బాల్కనీలో ఒంగి నిలబడి ఉన్నాడు. చేతిలో గోడగడియారానికి కీ ఇచ్చే తాళంచెవి.

“రేపు కంటినిండా నిద్రపో. ఎల్లుండి తీరిగ్గా వచ్చి, ఆ లైటును మళ్ళీ పచ్చగా చేద్దువుగాని!”