ఐదు గజాలు

అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రిఫరీ తర్వాతి ప్రయత్నానికి బంతిని గడ్డి మీద పెట్టాక, ఇవాళే మొదటిసారి ఆడుతున్న క్వెంటిన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

జట్టు వైద్యురాలు జోయెల్ సంచీ అందుకుని మైదానంలోకి ఉరకబోయింది. కోచ్ బెట్చర్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు తల్లీ! నువ్వు లోపల అడుగు పెట్టావంటే ఐదు గజాలు పోతాయి.”

“తలా తలా ఎలా కొట్టుకున్నాయో చూడలేదా, కోచ్?”

“చూశాను. ఈ రూల్ నేను పెట్టానా? బంతి పెట్టేశాక డాక్టర్ వస్తే, ఆట ఆపమని అడిగే మన టైమ్‌అవుట్ ఒకటి పోతుంది. మనకి ఒక్కటీ మిగల్లేదు. ఇక జరిమానాయే, బంతిని ఐదు గజాలు మన గీత వైపు జరుపుతారు.”

లేని దెబ్బలు నటించి ఆట ఆపుతున్నారని ఈ ఏడాదే తెచ్చిన నిబంధన అది. గడియారంలో ఆరు సెకన్లున్నాయి. బెట్చర్ జట్టు నాలుగు పాయింట్లు ముందుంది. ఎదుటివాళ్లకు మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. బంతి నుంచి బెట్చర్ జట్టు గోల్ గీత పదకొండు గజాల దూరంలో ఉంది; అది దాటితే గెలుపు వాళ్లదే.

స్టేడియమంతా ఎదుటి జట్టు అభిమానులే.

“లేవరా మహానటుడా! ఇంకెంతసేపు?”

“వాళ్లమ్మకి ఫోన్ చెయ్యండ్రా, వచ్చి జోకొడుతుంది!”

బెట్చర్ గొంతు తగ్గించాడు. “పదకొండు గజాలైతే ఆపగలం. ఆరైతే మన పని అయిపోయినట్టే.”

“చిన్నపిల్లాడు, కోచ్.”

“వాడే లేస్తాడు, చూడు. లే క్వెంటిన్! లేవరా నాయనా!”

జోయెల్ చెయ్యి విడిపించుకోగలదు. విడిపించుకోలేదు.

క్వెంటిన్ నేల మీద అరచేయి ఆనించి మెల్లగా లేచాడు. పక్కవాడు అతని భుజాలు పట్టుకుని, ఎటు చూసి నిలబడాలో అటు తిప్పాడు. ఈల మోగింది. బంతి పట్టుకున్నవాడు గుంపును చీల్చుకుంటూ సూటిగా క్వెంటిన్ మీదికే వచ్చాడు. క్వెంటిన్ భుజం అడ్డం పెట్టాడు. ఇద్దరూ గీతకు రెండు గజాల ఇవతల పడ్డారు.

గడియారంలో సున్నాలు. స్టేడియం మూగబోయింది.

లాకర్ గదిలో ఇనుప తలుపుల మీద దరువులు, కేకలు. వచ్చినవాడల్లా క్వెంటిన్ వీపు చరిచిపోతున్నాడు. జోయెల్ కళ్లు పరీక్షించే చిన్న టార్చి పట్టుకుని దారి చేసుకుంటూ వస్తోంది. ఆమె కన్నా ముందే బెట్చర్ చేరాడు. బెంచీ మీద కూర్చున్న కుర్రాడి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన కళ్లు తడిశాయి.

“చెప్పరా బంగారం, ఏం కావాలి నీకు? ఏదడిగినా ఇస్తాను.”

క్వెంటిన్ మొహమాటంగా నవ్వాడు.

“ఇవాళైనా నన్ను ఆడిస్తారా, కోచ్?”