చేతికి అలవాటైంది

"బాపూ, ఇంకెన్నాళ్లు ఈ పాతదాన్ని పట్టుకొని వేలాడుతవ్?"

యమున లాప్‌టాప్ సంచి బల్ల మీద పెట్టి, ప్లగ్గు కోసం కిందికి వంగింది. బోర్డు నిండా వైర్లు, వైర్ల నిండా దుమ్ము. ఏది దేనిదో ఆ దేవుడికే తెలియాలి. చేతికందిన ప్లగ్గొకటి పీకి తన చార్జరు పెట్టేసింది. పైన బాపు కీబోర్డు టకటకలాడుతూనే ఉంది. అయితే అది పనికిరాని వైరే అయ్యుంటుందనుకొని లేచి, ఆయనకు ఎదురుగా గిరాకీలు కూర్చునే కుర్చీలో కూలబడింది.

గోదావరిఖని చౌరస్తా దగ్గర సదయ్య డీటీపీ దుకాణం ముందు ఒకప్పుడు పెళ్లిపత్రికల కోసం జనం బారులు తీరేవారు. ఇప్పుడు మిగిలిన పెద్ద గిరాకీ ఒక్క బొగ్గుగని కార్మిక సంఘమే. అదీ జారిపోయేలా ఉంది. సదయ్య పాత ప్రోగ్రాంలో కొట్టిన తెలుగు ఫోన్‌లోకి పంపితే పిచ్చి గీతలుగా మారిపోతోంది. కాసిపేటలో అత్తవారింట ఉన్న యమునకు ఈ సంగతి తెలిసినప్పటినుంచీ కాలు నిలవలేదు. కొత్త ప్రోగ్రాం పట్టుకొని పొద్దున్నే బస్సెక్కేసింది.

"అంతా బొమ్మలే బాపూ. మౌస్‌తోని నొక్కుడే. చిన్నపిల్లలు సుత నేర్చుకుంటరు."

"ఆ బాణం ఎక్కడున్నదో దేవులాడుకుంట కూసోవాలె. నాకొద్దు బిడ్డా. ఇది చేతికి అలవాటైంది."

"అలవాటని దుకాణం మూసుకుంటవా?"

సదయ్య చాయ్ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. అది కాస్త పక్కన తగిలేసరికి కస్సుమన్నాడు. "ఎవలు జరిపిన్రు దీన్ని? నా బల్ల మీది సామాను ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?"

యమునకు ఒళ్లు మండింది. గ్లాసు జరిగితేనే ఇంత గొడవ చేసే మనిషికి కొత్త ప్రోగ్రాం ఎవరు నేర్పగలరు?

అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

"ఎవలు?" అన్నాడు సదయ్య.

"నేనే సదన్నా, వేణుమాధవ్‌ను."

"డ్యూటీ దిగి సీదా వచ్చినవా ఏంది? మసిల మొఖం గుర్తుపట్టరాకుంట ఉన్నది!"

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉన్న సంఘం నాయకుడు పకపకా నవ్వాడు. యమునకు మాత్రం నవ్వు రాలేదు. అసలు సంగతి వదిలేసి ఈ పరాచికాలేంటని లోలోపల ఉడికిపోయింది.

"రెండో షిఫ్టుకే గేట్ మీటింగ్ అన్నా. కరపత్రం జల్ది కావాలె. ఆఖర్ల 'అందరూ తరలి రండి' అని కలుపు."

సదయ్య వేళ్లు పరుగెత్తాయి. ప్రింటర్ కాగితాన్ని బయటికి తోసింది. సదయ్య దాన్ని కూతురి వైపు చాపాడు. "నువ్వే చదువు బిడ్డా. కొట్టినోనికి తన తప్పులు కనవడయ్."

యమున పైకి చదివింది. ఒక్క తప్పు లేదు.

"నీ పనికి వంక పెట్టలేం అన్నా," వేణుమాధవ్ నసిగాడు. "కని వచ్చే మీటింగుకు ఫోన్ల పంపేటట్టు ఉండాలె. లేకుంటే కమిటీవాళ్లు వేరే దుకాణం చూసుకుందామంటున్నరు."

సదయ్య ముఖం పాలిపోయింది. కుర్చీలోంచి లేచి, "రా తమ్మీ, చాయ్ తాగుదాం," అంటూ వేణుమాధవ్ భుజం మీద చెయ్యేసి మెట్లు దిగాడు.

ఇదే సందు అనుకుంది యమున. ఆయన తిరిగొచ్చేలోపు కొత్త ప్రోగ్రాం ఎక్కించేయాలి. తిడితే తిట్టనీ, దుకాణమైతే నిలబడుతుంది. గబగబా బల్ల చుట్టూ తిరిగొచ్చి బాపు కుర్చీలో కూర్చుంది.

తెర నల్లగా ఉంది. మౌస్ కదిపింది, వెలగలేదు. బటన్ నొక్కింది, ఊహూఁ. పక్కన కంప్యూటర్ పెట్టె మాత్రం గుయ్యిమంటూనే ఉంది. బల్ల కిందికి వంగి, తన చార్జరు పక్కన పడి ఉన్న వైరును పట్టుకొని, అది ఎక్కడికి పోతుందో చేత్తో తడుముకుంటూ పైకి వచ్చింది.

తను వచ్చీరాగానే పీకింది మానిటర్ ప్లగ్గే. అప్పటినుంచీ తెర ఆరిపోయే ఉంది, దాని ముందే కూర్చొని కరపత్రం కొట్టిన బాపుకు ఆ సంగతే తెలియలేదు.