ఎర్తుకు చెంబెడు నీళ్ళు

“వింటివా, మళ్ళీ గుయ్యిమంటా ఉంది!” రంగసామి సోఫా చేతి మీద గట్టిగా చరిచాడు.

గోవిందన్ విన్నాడు. రంగసామి బెంగళూరు నుంచి కారులో పదిలంగా తెచ్చుకున్న స్టీరియో సెట్టు అది. ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, నడుమెత్తు స్పీకర్లు రెండు. నాగస్వరం మొదలవకముందే వాటిలో తుమ్మెద దూరినట్టు రొద. ధర్మపురిలో ముగ్గురు మెకానిక్కులు వచ్చి చేతులెత్తేశారు. నాలుగోవాడు, బస్టాండు పక్కన రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్న ఈ గోవిందన్.

ఆంప్లిఫయరు రేకు మీద వేలు పెట్టాడు. చురుక్కుమంది.

“మీ ఇంటికి ఎర్తే లేదయ్యా. ప్లగ్గులో పెద్ద పిన్నుకు వైరే కలపలేదు. గుంట తవ్వి, పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పోసి, దానికి వైరు కలిపితే రొద పోతుంది.”

రంగసామి అతన్ని ఎగాదిగా చూశాడు.

“నువ్వు ఏరియూరు మునియప్ప కొడుకువి కదరా?”

“అవునయ్యా.”

“మంచి పనోడు. పాపం, ఎండదెబ్బకు పోయినాడు.”

గోవిందన్ పళ్ళు బిగబట్టాడు. ఎండదెబ్బట! నెలన్నర కిందట, చిత్తిర నెల మండుటెండలో, మిట్టమధ్యాహ్నం, ఈ పెద్దమనిషి చేలోనే మునియప్ప దున్నుతున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయి, గట్టు మీద గొడుగు కింద కూర్చున్న ఈయన్నే గుక్కెడు నీళ్ళడిగాడు. పక్కనే కడవ నిండా ఉన్నాయి. “సాలు ముగించుకోని వచ్చి తాగు” అన్నాడు ఈయన. సాలు కొసకు రాకముందే మునియప్ప కూలిపోయాడు. మళ్ళీ లేవలేదు.

“రేపే వస్తానయ్యా” అన్నాడు గోవిందన్.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి సెల్లమ్మాళ్ గయ్యిమంది.

“ఆ ఇంటి గడప తొక్కితివా? నీ ఒంట్లో పారేది మీ నాయన నెత్తురేనా?”

“నాయన నెత్తురే అమ్మా. అందుకే పోయినాను” అని, ఆమె పక్కన కూర్చుని చెవిలో ఏదో చెప్పాడు.

సెల్లమ్మాళ్ కళ్ళు తుడుచుకుని లేచి, మూలనున్న బొగ్గు గోతం మూతి తనే కట్టి ఇచ్చింది.

మర్నాడు ఇంటి దక్షిణం గోడ వారన గోవిందన్ గుంట తవ్వాడు. ఎనిమిది అడుగులు తవ్వాల్సింది నాలుగు అడుగులకే ఆపాడు. లోతు తక్కువైతే అది తొందరగా ఎండిపోతుందని అతనికి తెలుసు. ఎండ మాడు పగలగొడుతోంది.

“అయ్యా, దప్పిగా ఉంది. గుక్కెడు నీళ్ళిప్పించండి.”

“గుంట ముగించినాక తాగుదువులేరా” అన్నాడు వరండాలోంచి రంగసామి, పేపరులోంచి తల ఎత్తకుండానే.

గోవిందన్‌కు నవ్వొచ్చింది. అప్పటిదాకా మనసులో ఎక్కడో కొంచెం వెనకాముందూ ఉండేది. ఆ మాటతో అదీ పోయింది.

పైపు దించి ఉప్పును పారతో ఎత్తిపోశాడు. బొగ్గును మాత్రం రెండు చేతులతో కొంచెం కొంచెంగా దించాడు.

“బొగ్గు ఎక్కడ కొంటివిరా?”

“కొనలేదయ్యా. మా ఇంటిదే.”

వైరు కలిపి సెట్టు పెట్టారు. రొద లేదు. ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టు నాగస్వరం మోగింది. రంగసామి కళ్ళు చెమర్చాయి. నాగస్వరానికి కరిగే గుండె, మనిషి దాహానికి కరగదు!

“కూలి ఎంత ఇయ్యాల?”

“ఏమీ వద్దయ్యా. ఒకటే మాట. గుంట ఎండరాదు. ఎండితే రొద మళ్ళీ వస్తుంది, సెట్టు ముట్టుకుంటే షాకూ కొడుతుంది. దినమ్మూ పొద్దున చెంబెడు నీళ్ళు పోయండి. పనోళ్ళకు చెప్పొద్దు, వాళ్ళు సగం పోసి పోతారు. మీ చేత్తోనే పోయండి. చెప్పులు విడిచి నిలబడండి, తడి ఉందో లేదో కాలికే తెలుస్తుంది.”

“ఉత్త కాళ్ళతోనా? కరెంటు కొట్టదా?”

“నీళ్ళు పోసినన్ని దినాలూ ఏమీ కాదయ్యా” అన్నాడు గోవిందన్ చల్లగా.

పది రోజులు పోశాడు రంగసామి. పదకొండో రోజు సేలంలో పెళ్ళికి పోతూ ఆ పని పనిమనిషి తాయమ్మకు అప్పజెప్పాడు. ఆమె మరిచేపోయింది. ఆయన తిరిగొచ్చి సెట్టు పెడితే గుయ్యిమంది, వేలు చురుక్కుమంది. అంతే, ఆ తర్వాత ఎవరినీ నమ్మలేదు.

నెల తిరిగాక ఒక పొద్దున గోవిందన్ తల్లిని వెంటబెట్టుకొచ్చి రోడ్డు అవతల నిలబడ్డాడు. రంగసామి తలస్నానం చేసి, తడి పంచెతో ఇత్తడి చెంబు పట్టుకొచ్చాడు. చెప్పులు విడిచాడు. దక్షిణం వైపు తిరిగి, నడుము వంచి, ధార తెగకుండా గుంటలో నీళ్ళు పోశాడు.

సెల్లమ్మాళ్ రెప్ప వేయకుండా చూసింది.

“కాళ్ళకు చెప్పులైనా లేవు. కరెంటు కొట్టి చస్తాడేమోరా?”

“చావనీను అమ్మా. ఆయన నూరేళ్ళు బతకాల. దినమ్మూ ఇట్లనే వంగి పోయాల.”

సెల్లమ్మాళ్ గుంట వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

గుంటలోని బొగ్గంతా మునియప్ప చితిలోది.